నల్లరేగడిలో ఆహార వనం: గుంటూరు కాలనీ ఉమ్మడి జాగా, 30 సెంట్లు, ప్రాజెక్టు డైరీ

జాగా గుంటూరు నుంచి లాం మీదుగా అమరావతి వెళ్ళే రోడ్డు వైపు ఉంది. 30 సెంట్లు, అంటే 1,452 గజాలు. తూర్పు పడమరలు 90 అడుగులు, ఉత్తర దక్షిణాలు 145 అడుగులు. నేల నల్లరేగడి. వాలు ఈశాన్యానికి, ఈ చివర నుంచి ఆ చివరకు ఏడు అంగుళాలు. నీటికి ఒక బోరు, ఆపైన వాన.

ఆహార వనం అంటే పండ్ల తోటా కాదు, కూరగాయల మడీ కాదు. పైన కొబ్బరి, మామిడి. వాటి కింద జామ, నిమ్మ, సీతాఫలం. ఇంకా కింద కరివేపాకు, వంగ. నేల మీద పాయల కూర, చిలగడదుంప తీగ. నేలలో కంద, చేమ, పసుపు. చెట్ల మీదికి పాకే దొండ, చిక్కుడు. అన్నీ ఒకే చోట, ఒకదాని ఎండ ఇంకొకటి మింగకుండా పెరగాలి. ఇంగ్లండ్‌లో రాబర్ట్ హార్ట్ ఏడు అంచెలుగా చేసి చూపించింది ఇదే. కోనసీమ కొబ్బరి తోటలో అరటి, కంద, కోకో వేసే రైతుకు ఇది కొత్త సంగతి కాదు. కాకపోతే కోనసీమ ఒండ్రు వేరు, మన నల్లరేగడి వేరు. ఈ డైరీలో ఎక్కువ భాగం ఆ తేడా గురించే.

మియావాకీ పద్ధతిలో వేయొచ్చు కదా అని చాలామంది అడుగుతారు. చదరపు మీటరుకు మూడు నాలుగు మొక్కలు పెట్టే ఆ పద్ధతి అడవి పెంచడానికి. అక్కడ చెట్లు వెలుగు కోసం పోటీపడి నిటారుగా సాగుతాయి. కాపు కావాలంటే పక్క కొమ్మలకు ఎండ తగలాలి. తినడానికి పెంచే చోట ఆ పద్ధతి వద్దు.

2024 ఏప్రిల్: కాగితాలు

లేఅవుట్‌లో వదిలిన ఖాళీ జాగా కాలనీ వాళ్ళది కాదు, స్థానిక సంస్థది. కాబట్టి ముందు రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. అందులో మూడు మాటలు తప్పకుండా ఉండాలి: ఎన్నేళ్ళకు ఇస్తున్నారు, చెట్ల కొమ్మలు కొట్టుకునే హక్కు ఎవరిది, కాపు ఎవరిది. కొమ్మలు కొట్టే హక్కు ముందే రాయించుకోకపోతే, రెండో ఏడాది గ్లిరిసిడియా (పచ్చి ఆకు ఎరువు కోసం, నీడ కోసం నాటే చెట్టు) కొట్టే రోజున ‘పచ్చని చెట్లు నరుకుతున్నారు’ అని ఎవరో ఒకరు ఫిర్యాదు చేస్తారు. ఆహార వనానికి ఆ కొట్టుడే ప్రాణం.

కృత్తిక కార్తె, మే: మట్టి, నీళ్ళు

మట్టి నమూనా పది చోట్ల నుంచి తీశాం. ఆంగ్లపు వి ఆకారంలో ఆరు అంగుళాల లోతుకు గుంట తీసి, దాని ఒక పక్క నుంచి పైనుంచి కిందికి ఒక పెళ్ళ తీసుకుని, అన్నీ కలిపి చివరకు అర కిలో మిగిల్చాం. చెట్ల కోసం కాబట్టి ఒకచోట మూడు అడుగుల దాకా తవ్వి, అడుగుకొక నమూనా విడిగా కట్టాం. పిహెచ్ 8.2 వచ్చింది. 8.5 దాటితే జిప్సం సంగతి ఆలోచించాలి, దీనికి అక్కర్లేదు. పిడికెడు మట్టి మీద సజల ఆమ్లం చుక్కలు వేస్తే బుసబుస పొంగింది, అంటే సున్నం శాతం ఎక్కువ. ఇలాంటి నేలలో నిమ్మ, జామ చివరి ఆకులు ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో పాలిపోతాయి. నేలలో ఇనుము ఉన్నా వేరు తీసుకోలేకపోవడమే కారణం. దానికి లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, ఒక గ్రాము నిమ్మ ఉప్పు కలిపి చల్లని పూట ఆకుల మీద పిచికారీ చేయాలి. నిమ్మ ఉప్పు వేయకుండా కొడితే అన్నభేది నీళ్ళలోనే తుప్పు రంగుకు మారిపోతుంది, ఆకుకు ఏమీ అందదు.

బోరు నీటి ఇసి, అంటే నీటిలో ఉప్పు ఎంతుందో చెప్పే కొలత, 1.8. ఈ ప్రాంతంలో ఇంతకన్నా ఉప్పగా ఉండే బోర్లు చాలా ఉన్నాయి. 2 దాటితే అరటి, నిమ్మ, చిక్కుడు జాతులు ఆకుల అంచులు మాడ్చుకుంటాయి. కొబ్బరి, సపోట, రేగు తట్టుకుంటాయి. మొక్కల జాబితా రాసుకునేది ఈ కాగితం చేతికి వచ్చాకే.

ఇక అసలు పరీక్ష. అడుగు లోతు, అడుగు వెడల్పు గుంట తీసి నీళ్ళు నింపాం. మొదటిసారి పోసిన నీళ్ళు నెర్రెల్లోకి గటగటా పోతాయి, దాన్ని చూసి నీళ్ళు ఇంకే నేల అనుకోకూడదు. మట్టి నాని ఉబ్బాక రెండోసారి నింపి కొలవాలి. గంటకు అంగుళం కూడా దిగకపోతే గొయ్యి తీసి చెట్టు పెట్టే ఆలోచన మానుకోవాలి. ఇక్కడ దిగలేదు.

నల్లరేగడిలో మూడడుగుల గొయ్యి తీసి, అందులో ఎర్రమట్టి, ఎరువు నింపి మొక్క పెట్టమని నర్సరీ వాళ్ళూ చెబుతారు, పాత అలవాటూ అదే. వానాకాలంలో ఆ గొయ్యి తొట్టి అవుతుంది. చుట్టుపక్కల నీళ్ళన్నీ గుల్లగా ఉన్న ఎర్రమట్టిలోకి చేరతాయి, అడుగున బంకమట్టి వాటిని బయటకు పోనివ్వదు. వేరు ఊపిరాడక కుళ్ళుతుంది. పైకి చూస్తే ఆకులు వాడినట్టు ఉంటాయి, నీళ్ళు చాలలేదనుకుని ఇంకా పోస్తారు. ఈ నేలలో చెట్టుకు గొయ్యి కాదు, దిబ్బ కావాలి.

రోహిణి కార్తె: దిబ్బలు, కాలవలు, గుంట

ఉత్తర దక్షిణాలుగా ఎనిమిది పొడుగు దిబ్బలు. ఒక్కొక్కటి 130 అడుగుల పొడవు, అడుగున 6 అడుగుల వెడల్పు, పైన 4 అడుగులు, ఎత్తు 2 అడుగులు. దిబ్బకూ దిబ్బకూ మధ్య 4 అడుగులు, అందులోనే నడక దారి, మురుగు కాలవ. చుట్టూ కంచె వైపు దాదాపు 7 అడుగులు వదిలాం. కాలవల నీళ్ళన్నీ ఈశాన్య మూల గుంటలోకి చేరతాయి. గుంట 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 5 అడుగుల లోతు. దాదాపు 17 వేల లీటర్లు పడుతుంది. గుంట నిండాక నీళ్ళు పొర్లే చోటు వీధి కాలవ వైపు ఉండాలి, పక్క ఇంటి గోడ వైపు కాదు.

మట్టం చూడటానికి తాపీ మేస్త్రీలు వాడే నీళ్ళ గొట్టం చాలు. కాలవ అడుగు ప్రతి 25 అడుగులకు ఒక అంగుళం చొప్పున గుంట వైపు దిగాలి. కంటి అంచనాతో తవ్విస్తే మధ్యలో ఎక్కడో ఒక పల్లం మిగిలిపోతుంది, దోమలకు అదే ఇల్లు.

నల్లరేగడిని కదిలించడానికి రెండే అదనులు ఉన్నాయి: బాగా ఎండి ఉన్నప్పుడు, లేదా సరైన పదునులో. తడిగా ఉన్నప్పుడు జేసీబీ దిగితే చక్రం కింద మట్టి ఇటుకలా గట్టిపడుతుంది, ఏళ్ళ తరబడి విరగదు. రోళ్ళు పగిలే ఎండల్లో తవ్వించాం కాబట్టి తలకాయంత గడ్డలు లేచాయి. వాటిని పగలగొట్టడానికి కూలీ పెట్టనక్కర్లేదు. ఎండకు ఎండి, ఒక్క వాన పడితే గడ్డ దానంతట అదే పొడిపొడిగా రాలుతుంది. నల్లరేగడి మనకు చేసే ఉపకారం ఇదొక్కటి, దాన్ని వాడుకోవాలి.

అయితే ఆ గడ్డలు కుదురుకున్నాక దిబ్బ కుంగుతుంది. 2 అడుగుల దిబ్బ మొదటి వానాకాలం ముగిసేసరికి అడుగున్నర అవుతుంది. కావలసింది అడుగున్నర అయితే కట్టాల్సింది 2 అడుగులు.

మృగశిర: నవధాన్యాలు

మొక్కల కన్నా ముందు నేలను కప్పాలి. ఈ పద్ధతికి రాష్ట్రంలో ప్రచారం తెచ్చింది గుంటూరులోనే ఉన్న రైతు సాధికార సంస్థ. వాళ్ళ ప్రకృతి వ్యవసాయంలో తొలకరికి ముందే పొడి నేలలో విత్తనాలు చల్లిస్తారు. 30 సెంట్లకు అన్నీ కలిపి 5 కిలోలు తీసుకున్నాం: జీలుగ, జనుము, పిల్లిపెసర, అలసంద, మినుము, కంది, జొన్న, సజ్జ, నువ్వులు, గోంగూర, బంతి. ఆముదం మామూలుగా వేస్తారు. పిల్లలు తిరిగే చోటు, గింజ విషం, కాబట్టి ఇక్కడ వేయలేదు. కాలవల పక్కన, పల్లం వైపు జీలుగ వాటా పెంచాం. అది నీటి ముంపునూ చౌడునూ ఓర్చుకుంటుంది.

విత్తనానికి బీజామృతం (ఆవు పేడ, మూత్రం, సున్నం కలిపిన నీళ్ళు) పట్టించి, పైన మట్టి, ఘన జీవామృతం (పేడతో చేసి ఆరబెట్టిన పొడి జీవామృతం), బూడిద పూతగా వేసి ఆరబెడితే చీమలు మోసుకుపోవు, చిరుజల్లుకు తొందరపడి మొలిచి మాడిపోవు.

జీవామృతం 200 లీటర్ల కొలతే అందరికీ తెలుసు, అది ఎకరానికి. ఈ జాగాకు 60 లీటర్లు సరిపోతుంది: 60 లీటర్ల నీళ్ళు, 3 కిలోల ఆవు పేడ, 3 లీటర్ల మూత్రం, 600 గ్రాముల బెల్లం, 600 గ్రాముల శనగపిండి, పాత చెట్టు కింది మట్టి పిడికెడు. నీడలో గోనె కప్పి, రోజుకు రెండుసార్లు కర్రతో తిప్పాలి. 48 గంటలకు తయారు, వారం లోపు వాడేయాలి. పదిహేను రోజులకొకసారి తడి నేల మీద పోయాలి. ఎండిన నేల మీద పోస్తే అందులోని సూక్ష్మజీవులు బతకవు. డ్రిప్పులో వదిలితే ఎంత వడకట్టినా పిండి నలక గొట్టాలను మూసేస్తుంది, చేత్తో పోయడమే మేలు.

45 రోజులు దాటి పూత మొదలవగానే కొడవలితో మొదలుకు కోసి అక్కడే పరిచాం. దున్నలేదు, పీకలేదు. వేళ్ళు నేలలోనే కుళ్ళి గాలి, నీళ్ళు దిగే సందులవుతాయి. కందిని మాత్రం వదిలేశాం, లేత మొక్కలకు తొలి నీడ దానిదే.

పుష్యమి, జూలై ఆఖరు: చెట్లు

దిబ్బల లెక్క పడమర నుంచి. ఒకటో దిబ్బ మీద 25 అడుగులకు ఒకటి చొప్పున 5 కొబ్బరి. సాయంత్రపు ఎండ, వడగాలి అటు నుంచే వస్తాయి. మూడు, ఆరు దిబ్బల మీద 30 అడుగుల ఎడంలో పెద్ద చెట్లు: మామిడి 3, సపోట 3, ఉత్తరం వైపు పల్లంలో నేరేడు 2. నేరేడుకు కొన్నాళ్ళు కాళ్ళు తడిసినా ఫరవాలేదు. మిగతా అయిదు దిబ్బల మీద 15 అడుగులకు ఒకటి చొప్పున జామ, సీతాఫలం, నిమ్మ, దానిమ్మ, ఉసిరి. ఉసిరి ఒక్కటే పెడితే కాపు సరిగ్గా రాదు, దాని పుప్పొడి దానికి పనికిరాదు. రెండు వేర్వేరు రకాలు దగ్గర దగ్గరగా పెట్టాలి. చింతకు ఈ జాగా చాలదు.

చెట్ల మధ్య ప్రతి 5 అడుగులకు గ్లిరిసిడియా కొమ్మలు. నాలుగైదు అడుగుల పొడవు, బొటనవేలి నుంచి మణికట్టంత లావు. అడుగు భాగం ఏటవాలుగా నరికి, అడుగు లోతు కన్నంలో దించి చుట్టూ తొక్కాలి. సుత్తితో కొడితే బెరడు చీలి వేరు రాదు. ఖాళీల్లో, ఎక్కువగా ఎగువన బొప్పాయి, మునగ, దిగువన గుంట దగ్గర కూర అరటి, చక్కెరకేళి. కంద, చేమ, పసుపు మాత్రం జూన్‌లోనే వేశాం. విత్తనానికి వెతుకులాట అక్కర్లేదు, దుగ్గిరాల, కొల్లిపర వైపు ఊళ్ళల్లో దొరుకుతుంది. కంద ముక్క అర కిలో ఉండాలి, ప్రతి ముక్కకూ మొలక కన్ను తప్పనిసరి. పేడ నీళ్ళలో ముంచి నీడన ఆరబెట్టి, రెండడుగుల ఎడంలో పెట్టాలి.

కంచెకు వాక్కాయ, మూడడుగులకు ఒకటి, గేటు పోను 153 మొక్కలు. అది మేకను ఆపడానికి రెండు మూడేళ్ళు పడుతుంది. అంతదాకా తుమ్మ కంప వేయాలి. సర్కారు తుమ్మ కంప తెచ్చేటప్పుడు కాయలు లేనివి చూసుకోవాలి. లేకపోతే కంచెతోపాటు తుమ్మ విత్తనమూ వచ్చినట్టే.

మొక్క నాటే పని దగ్గర కాస్త ఆగాలి. కడియం నుంచి వచ్చే అంటు మొక్కలు ఎర్రమట్టి ముద్దలో ఉంటాయి. ఆ ముద్దను నల్లమట్టిలో పెడితే రెండు మట్టుల మధ్య గోడ కట్టినట్టే. చుట్టూ నల్లమట్టి తడిగా ఉన్నా ఆ తడి ఎర్రమట్టి ముద్దలోకి రాదు, వేరు తాగిన కొద్దీ ముద్ద ఎండిపోతుంది. ‘రోజూ నీళ్ళు పోస్తున్నాం, అయినా మొక్క ఎండింది’ అనే మాటకు కారణం చాలాసార్లు ఇదే. విరుగుడు ఇది. సంచితో సహా మొక్కను బకెట్ నీళ్ళలో బుడగలు ఆగేదాకా ముంచాలి. సంచి చీల్చాక ముద్ద అంచును అంగుళం మేర వేళ్ళతో గీకి, ఆ మట్టిని దిబ్బ మట్టితో కలపాలి. అడుగున చుట్టలు తిరిగిన వేరు ఉంటే కత్తిరించాలి, అలాగే వదిలితే నాలుగో ఏటో అయిదో ఏటో గాలికి చెట్టే పడిపోతుంది. మొదటి మూడు వారాలు నీళ్ళు సరిగ్గా ముద్ద మీదే పడాలి, పక్కన కాదు. అంటు కట్టిన చోటు నేలకు జానెడు పైన ఉండాలి, రేపు గడ్డి పరిచినా అది మునగకూడదు. సపోటకు పాల చెట్టు మీద అంటు కడతారు. అంటు కింద నుంచి వచ్చే చిగుళ్ళను వచ్చినవి వచ్చినట్టు గిల్లాలి, లేకపోతే సపోట పోయి పాల చెట్టు మిగులుతుంది.

ప్రతి మొక్క పాదులో రెండున్నర కిలోల ట్రైకోడెర్మా (వేరు కుళ్ళును ఆపే మేలు బూజు) ఎరువు. 90 కిలోల చివికిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా విరిడి కలిపి, తడి గోనెలు కప్పి నీడలో పది రోజులు ఉంచితే తెల్లటి బూజు పడుతుంది. ఆ బూజే మనకు కావలసింది, పాడైందని పారేయొద్దు.

మఖ, పుబ్బ: 2024 సెప్టెంబరు 1 వాన

ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో కురిసిన వాన విజయవాడలో బుడమేరును సింగ్‌నగర్ మీదికి తెచ్చింది. ఇక్కడ గుంట నిండి పొర్లింది, కాలవల్లో నీళ్ళు నిలబడ్డాయి. దిబ్బల మీది మొక్కలకు ఏమీ కాలేదు. దెబ్బ తిన్నది ఈశాన్యం మూల, దిబ్బ ఎక్కువ కుంగిన చోట పెట్టిన బొప్పాయి, మునగ. ఈ రెంటికీ వేరు దగ్గర నీళ్ళు రెండు రోజులు నిలిస్తే చాలు. కింది ఆకులు పసుపు తిరుగుతాయి, మొవ్వు వాలుతుంది, మొదలు నొక్కితే మెత్తగా దిగబడుతుంది. అలా మెత్తబడినదాన్ని పీకేయడమే. ఇంకా గట్టిగా ఉన్నవాటి మొదళ్ళలో ఒక శాతం బోర్డో మిశ్రమం పోయాలి. దాన్ని కలిపేది ఇలా.

ప్లాస్టిక్ బకెట్‌లో 5 లీటర్ల నీళ్ళలో 100 గ్రాముల మైలుతుత్తం, ఇంకో దాంట్లో 5 లీటర్లలో 100 గ్రాముల సున్నం. మైలుతుత్తం నీటిని సున్నపు నీటిలోకి సన్నగా పోస్తూ తిప్పాలి. ఆకాశం రంగు వస్తుంది. అందులో శుభ్రమైన ఇనుప కత్తి ఒక నిమిషం ముంచి తీస్తే, కత్తి మీద రాగి రంగు పట్టిందంటే సున్నం చాలలేదు, అలాగే పోస్తే వేరు కాలుతుంది. రంగు పట్టడం ఆగేదాకా సున్నపు నీళ్ళు కలపాలి. అదే రోజు వాడాలి, మిగిలింది మర్నాటికి పనికిరాదు.

బుడమేరు పరిసరాల్లో, సింగ్‌నగర్, పాయకాపురం వైపు ఇలాంటి వనం వేయాలనుకునేవాళ్ళు మునగనూ బొప్పాయినీ నమ్ముకోవద్దు. నేరేడు, జామ, కొబ్బరి, చేమ అక్కడ నిలబడతాయి. దిబ్బ 3 అడుగులు ఉండాలి. ముంపు నీటిలో మురుగు కలుస్తుంది కాబట్టి మునిగిన ఆకుకూరలను కడిగి వండుకోవడం కాదు, పూర్తిగా కోసి పారేసి మళ్ళీ విత్తుకోవాలి.

చలికాలం: కొట్టుడు, కప్పుడు

గాలికి అరటి, బొప్పాయి పడకుండా నవంబరు లోపే వెదురు గడలు కట్టాలి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మన వైపు తుపాను కాలం డిసెంబరు దాకా నడుస్తుందని గుర్తుంచుకోవాలి.

గ్లిరిసిడియా మొదటి కోత నాటిన ఆరేడు నెలలకు, పూత రాకముందు, మూడు నాలుగడుగుల ఎత్తులో. ఆకూ లేత రెమ్మా పండ్ల చెట్టు పాదులో, లావు కొమ్మలు కాలవలో. ఆ ఆకు మూడు వారాల్లో నల్లబడి నేలలో కలుస్తుంది, నత్రజని దాన్నుంచే. ఆ తర్వాత వానాకాలంలో మూడు నెలలకొకసారి. మార్చి నుంచి మే దాకా మాత్రం ఒక్క కొమ్మ కూడా ముట్టుకోకూడదు, ఆ నీడ పండ్ల మొక్కలకు కావాలి. వేరే ఊళ్ళ పట్టికలు చూసి ఏడాది పొడుగునా కొడితే గుంటూరు ఎండకు లేత మామిడి బెరడు పడమర వైపు పగిలిపోతుంది. అవిశను గ్లిరిసిడియాలా మొదలుకు కొట్టకూడదు, చిగురించకుండా చచ్చిపోతుంది. పక్క రెమ్మలే కోయాలి.

2025 వేసవి

రెండు ట్రాక్టర్ల వరిగడ్డి ఎనిమిది దిబ్బలకూ అర అడుగు మందాన సరిపోయింది. అది కుంగి మూడు అంగుళాలవుతుంది. గడ్డి కింద గ్లిరిసిడియా పచ్చి ఆకు పలుచగా పరవాలి, లేకపోతే గడ్డి చివికేటప్పుడు నేలలోని నత్రజనిని తాను లాక్కుని మొక్కలు పాలిపోతాయి. మొదలు చుట్టూ జానెడు ఖాళీ, చెదలకు దారి ఇవ్వకూడదు. ఎండు గడ్డికి నిప్పు భయం ఉంది, ఒక్క బీడీ ముక్క చాలు. ప్రతి 40 అడుగులకు చిలగడదుంప తీగ పచ్చగా పాకించి తెరపి పెట్టాం. మిరప తొడిమలు, మిరప కట్టె ఈ ఊళ్ళో ఊరికే దొరుకుతాయి, కానీ వాడలేదు. మిరపకు ఇక్కడ కొట్టే మందులు ఎన్నో అందరికీ తెలిసిందే, పిల్లలు నేల మీద నుంచి కోసుకుని తినే చోట దాన్ని పరవడానికి మనసు ఒప్పదు.

నెర్రెలు వదిలేస్తే సన్న వేళ్ళను తెంపుతాయి. కనబడిన నెర్రెలో గడ్డి కూరి, పైన మట్టి చల్లి తడపాలి.

డ్రిప్పు: 16 మిల్లీమీటర్ల గొట్టం 1,040 అడుగులు, రెండడుగులకు ఒక 4 లీటర్ల డ్రిప్పరు, 520 డ్రిప్పర్లు, గంటకు 2,080 లీటర్లు. నాలుగు వాల్వులతో రెండేసి దిబ్బలకు వంతులు. పదిహేను రోజులకొకసారి గొట్టాల చివర్లు విప్పి మట్టి నీళ్ళు పోయేదాకా వదలాలి. సున్నం పేరుకుని చుక్క తగ్గితే, పిహెచ్ 4 దాకా దిగేలా ఆమ్లం కలిపిన నీళ్ళను గొట్టాల్లో నింపి ఒక రోజు ఉంచి కడగాలి. ఆమ్లాన్ని నీళ్ళలో పోయాలి, నీళ్ళను ఆమ్లంలో పోయకూడదు. చేతికి తొడుగు, కంటికి అద్దాలు తప్పవు.

ఉప్పు నీటి డ్రిప్పులో ఇంకో సంగతి ఉంది. తడి వలయం అంచున తెల్లటి ఉప్పు పేరుకుంటుంది. వేసవి చివర ఒక చిన్న జల్లు పడితే ఆ ఉప్పంతా కరిగి వేరు దగ్గరికి దిగుతుంది, మర్నాటికి ఆకులు మాడతాయి. వాన పడింది కదా అని మోటారు ఆపేది సరిగ్గా ఆ రోజే. చిరుజల్లు పడుతుంటే డ్రిప్పు వదిలి ఉంచాలి. రెండు మూడు పెద్ద వానలు పడ్డాకే ఆపాలి.

రెండో వానాకాలం: పురుగు, కోత

మునగ మీద గొంగళి పురుగులు పగలు మొదలు దగ్గర గుంపుగా చేరతాయి. ఆకుల మీద మందు కొట్టక్కర్లేదు, ఆ గుంపు మీద సబ్బు నీళ్ళు పోసి, రాలినవి ఏరి పూడ్చితే చాలు. బొప్పాయి పిండినల్లికి నీటిని గట్టిగా చిమ్మి కడిగి వదిలేశాం. దాన్ని తినే పరాన్నజీవి 2010లో మన దేశంలోకి తెచ్చి వదిలారు, అది బతకాలంటే మందులు కొట్టకూడదు. కొబ్బరి ఆకు అడుగున తెల్లగా చుట్టలు చుట్టినట్టు కనిపించే తెల్లదోమకూ అంతే.

అరటికి తల్లి, బిడ్డ, మనవరాలు మూడే ఉంచాలి. మిగతా పిలకలు కోసి పాదులో వేయాలి. గెల దించిన చెట్టు కాండాన్ని చీల్చి పక్క చెట్టు మొదట్లో పరిస్తే వారం తడి నిలుస్తుంది.

కోత నియమాలు గేటు దగ్గర బోర్డు మీద ఉన్నాయి. ఆకుకూరలు, కరివేపాకు, మునగాకు ఎవరైనా ఎప్పుడైనా కోసుకోవచ్చు. పండ్లు, గెలలు, దుంపలు ఆదివారం పొద్దున మాత్రమే, తూకం వేసి పుస్తకంలో రాసి, వచ్చిన ఇళ్ళకు సమానంగా. జామ దగ్గర అందరూ ఒకటే చేస్తారు: పండేదాకా ఆగితే పక్కవాళ్ళు కోస్తారని పిందెలే కోసేస్తారు. మాటలతో ఆగలేదు. పక్వానికి రాని చెట్టుకు ఎర్ర గుడ్డ, కోయదగ్గ చెట్టుకు పచ్చ గుడ్డ కట్టాక ఆగింది. గుడ్డ మార్చే పని ప్రతి నెలా ఒకే ఇంటిది. నీళ్ళకు ఒక ఇల్లు, కొట్టుడికి ఇద్దరు. కొట్టుడు వచ్చినవాళ్ళు మిగతావాళ్ళకు నేర్పాలి. వంతు పట్టికలో ఖాళీ పడితే ఎక్కువగా పడేది సంక్రాంతి వారంలోనూ వేసవి సెలవుల్లోనూ, నీళ్ళు అత్యవసరమైనది వేసవి సెలవుల్లోనే. ఆ రెండు నెలల వంతు ఊరు వదలని ఇళ్ళకే ముందుగా రాయాలి.

2025 హస్త కార్తె: తీసేయాల్సిన చెట్ల పట్టిక

మామిడి, సపోట కొమ్మలు చాపినప్పుడు కింద ఉన్నవి కొన్ని పోవాలి. అప్పుడు అడిగితే ఎవరూ ఒప్పుకోరు, కాస్తున్న చెట్టు మీద చెయ్యి వేయనివ్వరు. అందుకే ఇప్పుడే నిర్ణయించి పటం మీద గీసి సభ్యులందరి సంతకాలు తీసుకున్నాం. బొప్పాయి 2027 వేసవి తర్వాత తిరిగి నాటేది లేదు. మూడు, ఆరు దిబ్బల మీది అరటి 2028 నాటికి గుంట గట్టుకు మారుతుంది. గ్లిరిసిడియాలో ఒకటి విడిచి ఒకటి 2029 మృగశిరకు మొదలుకంటా తీయాలి, మొదళ్ళకు సున్నం గుర్తు ఇప్పటికే పెట్టాం. వాటి చోట, ఆ పలుచటి నీడలో, పసుపు వస్తుంది.